దిగులుకి కూర్చున్న కండక్టరు

కొన్ని మొహాలు చేస్తూ చేస్తూ దేవుడు వేరే పనిలో పడిపోతాడేమో. మన కండక్టరు మొహం అలాంటిది. కళ్ళు రెండూ బయటి కొసల దగ్గర కిందికి జారి ఉంటాయి. పెదాల చివర్లూ అంతే. బుగ్గలకి ఎవరో బరువు కట్టి వదిలేసినట్టుంటుంది. పుట్టిందగ్గర్నుంచీ ఇదే వరస. బళ్ళో మాస్టారు "ఎవడు కొట్టాడ్రా నిన్ను?" అని అడిగేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో డిపో మేనేజరు గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, "ఇంట్లో ఏమైనా జరక్కూడనిది జరిగిందా?" అని గుసగుసగా అడిగి, ఒక రోజు సెలవిచ్చాడు. అడక్కుండా వచ్చిన సెలవుని కాదనడమెందుకని ఆయన ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాడు.

అసలు సంగతేమిటంటే, ఆ మొహం వెనకున్న మనిషికి దిగులంటే ఏమిటో తెలియదు. సర్వీసంతా నిలబడి, నవ్వించి బతికాడు. "ముందుకు జరగండి బాబూ, వెనకున్నవాళ్ళు కూడా ఇదే బస్సులో వస్తామంటున్నారు" అనేవాడు, చావు కబురు మోసుకొచ్చిన మొహంతో. జనం ఒక్క క్షణం తెల్లబోయి, ఆ తర్వాత పగలబడి నవ్వేవారు. మొహం ఒక దారినా మాట ఒక దారినా పోవడంలోనే ఉంది ఆయన గొప్పంతా. అదే మాట నవ్వు మొహంవాడు అంటే ఎవరూ తల కూడా తిప్పరు.

రిటైరయ్యాక చిక్కొచ్చి పడింది. నవ్వించడానికి ఇంట్లో ఉన్నది ఒక్క భార్య. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఆయన పొద్దస్తమానం ఆ మిషను పక్కన స్టూలేసుకుని, కాలరు దగ్గర ఒకటి, జేబు దగ్గర ఒకటి జోకులు వేస్తూ కూర్చునేసరికి, ఒక చొక్కాకి రెండూ కుడిచేతులే పడ్డాయి. "ఏమండీ, కాస్త అలా తిరిగి రాకూడదూ?" అంది ఆవిడ, నవ్వుతూనే. అలా తిరిగి రావడానికి వెళ్ళినవాడు వీధి చివర బొమ్మల కాలేజీ గేటుకి అంటించిన కాగితం చదివాడు. విద్యార్థులు చూసి గీసుకోవడానికి ఎదురుగా కూర్చునే మనుషులు కావాలట. కూర్చోవడమే ఉద్యోగం! జన్మంతా నిలబడ్డ మనిషికి అంతకంటే ఏం కావాలి? ఇంకోసారి చదవకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

లోపల బొమ్మలు నేర్పే టీచరమ్మ ఆయన్ని చూడగానే, పారేసుకున్న వస్తువేదో దొరికినట్టు కుర్చీలోంచి లేచింది.

"మీరు ఈ టర్మంతా దిగులుకి కూర్చుంటారా?"

"దేనికండీ?"

"దిగులుకి. ఈసారి మా పిల్లల పాఠం అదే. బొమ్మల్లో, పుస్తకాల్లో, మనుషుల ఆలోచనల్లో దిగులు ఎలా ఉంటూ వచ్చిందని."

"నాకు దిగులు రాదు మేడమ్" అన్నాడు కండక్టరు నిజాయితీగా.

"రానక్కర్లేదండీ. ఇప్పటికే వచ్చి కూర్చుంది కదా" అని టీచరమ్మ ఆయన మొహం వైపు చూపించింది.

అది పెద్ద పెద్ద కిటికీలున్న పొడుగాటి గది. నేలంతా బొగ్గు పొడి. బొమ్మల స్టాండ్ల వెనక నుంచి తలలు మాత్రమే కనిపించే పిల్లలు. మధ్యలో చెక్క అరుగు, దాని మీద ఒక కుర్చీ, ఒక బల్ల. ఎడమ మోచెయ్యి బల్ల మీద పెట్టి, చెంప అరచేతికి ఆనించి, చూపు నేల మీద పెట్టమంది టీచరమ్మ. పెట్టాక, సుద్దముక్క తీసుకుని ఆయన బూట్ల చుట్టూ, మోచేతి చుట్టూ, కుర్చీ కాళ్ళ చుట్టూ గీతలు గీసింది. మధ్యలో లేచి టీ తాగొచ్చినా మళ్ళీ వచ్చి అచ్చం అలాగే కూర్చోవాలి కదా. ఇంకో నియమం కూడా చెప్పింది. టర్ము అయ్యేదాకా ఆయన ఏ బొమ్మా చూడకూడదు. చూస్తే రేపటినుంచి బొమ్మలో ఉన్నట్టు కూర్చోవడం మొదలెడతారట, కూర్చునేవాళ్ళందరికీ ఉన్న జబ్బే అదట.

ఒప్పుకున్న పని సవ్యంగా చెయ్యాలన్న పట్టుదలతో కండక్టరు మొదటి రోజు దిగులు పడటానికి శతవిధాలా ప్రయత్నించాడు. పోయిన అమ్మని తలుచుకున్నాడు. ప్రమోషన్ రాకపోవడం తలుచుకున్నాడు. అదీ చాలక, ప్రపంచంలో ఉన్న బీదాబిక్కీ అందర్నీ తలుచుకున్నాడు.

"కండక్టర్ గారూ, పన్ను నొప్పిగా ఉందా?" అంది టీచరమ్మ.

లేదన్నాడు. ఇక లాభం లేదని ఆ ప్రయత్నం మానేసి, వెనకటికి ఒకాయన నిలువుటద్దం పట్టుకుని బస్సెక్కిన రోజు గుర్తుచేసుకున్నాడు. అద్దానికి టికెట్ తియ్యనని ఆయన, తియ్యమని ఈయన వాదించుకుంటుంటే, బస్సులో ఉన్నవాళ్ళంతా వరసగా వచ్చి ఆ అద్దంలో తల దువ్వుకున్నారు. ఆ సంగతి తలుచుకుంటే కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. కదలకూడదు కాబట్టి బిగబట్టుకున్నాడు.

"అదీ!" అంది టీచరమ్మ, గొంతు తగ్గించి. "ఎవరూ మాట్లాడకండి. ఆ లోతు చూడండి, ఆ లోతు!"

గదంతా బొగ్గు గీతల గరగర తప్ప ఇంకేం వినిపించలేదు. కండక్టరుకి తల తిరిగిపోయింది. ఏడుద్దామంటే పన్ను నొప్పంటారు, నవ్వుతుంటే లోతంటారు. ఇందులో ఎవరికి బుర్ర చెడిందో ఆయనకి అంతుపట్టలేదు.

టీ వేళ టీచరమ్మ పాఠం చెప్పేది. ఆయన గ్లాసు పట్టుకుని గోడవారగా నిలబడి వినేవాడు. పూర్వపు వైద్యులు మనిషి ఒంట్లో నల్లటి ద్రవం ఒకటి ఉంటుందని, అది ఎక్కువైతే దిగులు పుడుతుందని నమ్మేవారట. తిండి మార్చమని, సంగీతం వినమని, వేరే ఊరెళ్ళి రమ్మని చెప్పేవారట. తర్వాత ఇంకొందరు వచ్చి, రోగమేమిటి, గొప్పగా ఆలోచించేవాళ్ళకి అది వరం అన్నారట. మఠాల్లో ఉండేవాళ్ళు అది సోమరితనమనీ పాపమనీ అన్నారట. కవులేమో అందులో ఒక తీపి ఉంటుందన్నారట. బొమ్మలేసేవాళ్ళు మాత్రం ఎవరి మాటా కాదనకుండా, తల బరువెక్కిన మనిషిని చెంపకి చెయ్యి ఆనించి కూర్చోబెట్టేశారట. ఒక్క విషయం మీద ఇంతమంది ఇన్ని రకాలుగా మాట్లాడటం కండక్టరు సీటు తగాదాల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

"మేడమ్, దుఃఖానికీ దిగులుకీ తేడా ఏంటి?" అని అడిగింది ముందు వరసలో కూర్చునే కళ్ళజోడు పిల్ల.

"దుఃఖాన్ని ఎందుకొచ్చావని అడిగితే చెప్తుంది. దిగులుని అడిగితే తెల్లమొహం వేస్తుంది" అంది టీచరమ్మ.

ఇదంతా ఆయన ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు భార్యకి చెప్పాడు, నవ్విద్దామనే. నల్లటి ద్రవం దగ్గర "మన సందు చివర కాలవ లాంటిదేనేమో" అని కూడా కలిపాడు. ఆవిడ నవ్వింది. కానీ మిషను ఆగిపోయింది.

"ఎందుకొచ్చిందో దానికే తెలీదని చెప్పారా?"

"అలాగే అన్నారు."

"మరి దాన్ని వదిలించుకోవాలంటారా, ఉంచుకోవాలంటారా?"

ఆవిడ ఇలాంటి ప్రశ్న అడగడం ఆయనెప్పుడూ వినలేదు. అప్పటిదాకా ఇంట్లో ప్రశ్నలంటే ఏం వండను, దారం తెచ్చారా, అంతే. మర్నాడు టీ వేళ అదే ప్రశ్న తీసుకెళ్ళి టీచరమ్మ ముందు పెట్టాడు. టీచరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఎవరడిగారిది?"

"మా ఆవిడండీ."

"వైద్యులు వదిలించుకోమన్నారు. కవులు ఉంచుకోమన్నారు. నన్నడిగితే... నాకు తెలీదు కండక్టర్ గారూ. మీ ఆవిణ్ణి ఒకసారి రమ్మనండి, మాట్లాడాలి."

ఆ జవాబు ఇంటికి మోసుకొచ్చాడు. ఆ రోజు నుంచి రోజుకో ప్రశ్న. నవ్వుతూ తిరిగే మనిషికి అది ఉండొచ్చా? పని చేసుకుంటూ కూడా ఉండొచ్చా, లేక చెంపకి చెయ్యి పెట్టుకుని కూర్చుంటేనే లెక్కా? పక్కనున్నవాళ్ళకి తెలుస్తుందా? ఆయన ప్రశ్నలు అటూ, జవాబులు ఇటూ చేరవేశాడు. పాపం, తన ఉద్యోగం మీద భార్యకి ఇంత ఆసక్తి పుట్టినందుకు మురిసిపోయాడు కూడా.

ఇక్కడొక పాత సంగతి చెప్పాలి. ఆవిడకి ఒక తమ్ముడుండేవాడు. కుర్రతనంలోనే, వీళ్ళ పెళ్ళికి ముందే, జ్వరమొచ్చి పోయాడు. కండక్టరు అతన్ని చూడలేదు. పెళ్ళి కుదిరిన రోజున అత్తగారు ఆయన్ని పక్కకి పిలిచి, "బాబూ, పిల్లవాడి మాట దాని దగ్గర ఎప్పుడూ ఎత్తకు, తట్టుకోలేదు. నువ్వు సరదా మనిషివట. దాన్ని నవ్విస్తూ ఉండు, అంతే చాలు" అంది. ఆయన మాటిచ్చాడు. ఇచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు. భార్య చూపు కాస్త ఎటో పోయిందంటే చాలు, ఒక జోకు విసిరేవాడు. ఆవిడ నవ్వేది. అత్తగారు పోయి ఎన్నేళ్ళయినా ఆ డ్యూటీ మాత్రం ఆయన మానలేదు. ఆ ఇంట్లో ఆ తమ్ముడి ఊసు ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి తొందరగా వచ్చేసరికి, ఆవిడ మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. చెంపకి చెయ్యి లేదు. చూపు నేల మీద లేదు. కుట్టడం ఆపిన చొక్కా చెయ్యి ఒకటి ఒళ్ళో పెట్టుకుని, మామూలుగా, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళేలా కూర్చుంది. కండక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. అలవాటు కొద్దీ వెంటనే, "ఏం, ఆ చొక్కా నీతో పోట్లాడిందా?" అన్నాడు. ఆవిడ వెంటనే నవ్వింది. సరిపడా చిల్లర ముందే చేతిలో పట్టుకుని బస్సెక్కే మనిషిలా, అంత వెంటనే. ఆ నవ్వు సిద్ధంగా పెట్టుకున్నదని ఆయనకి మొదటిసారి అనిపించింది. అనిపించగానే భయం వేసింది.

ఆ భయం ఊరికే పోలేదు. గడ్డం గీసుకుంటున్నప్పుడు అద్దంలో తన మొహాన్ని పరాయివాడిని చూసినట్టు చూడటం మొదలెట్టాడు. గదినిండా చదువుకున్న పిల్లలు, పెద్ద టీచరమ్మ, అంతమంది చూసి లోతు ఉందంటున్నారే! తనకి తెలియకుండా తనలో ఏదైనా ఉందా? ఉంటే ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుంది? లేకపోతే వాళ్ళంతా దేన్ని చూసి గీస్తున్నారు? ఒకరోజు అన్నం తింటూ అడిగేశాడు.

"ఏమోయ్, నిజం చెప్పు. నాకు దిగులుందా?"

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

"తెలీదండీ" అంది.

ఉందంటే ఒక రకంగా సర్దుకునేవాడు. లేదంటే నవ్వుకునేవాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి తెలీదంటే ఏం చెయ్యాలి? ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు. ఈవిడ ఇన్నాళ్ళూ తనలో ఎవర్ని చూసిందో, తను ఈవిడలో ఎవర్ని చూశాడో, అంతా అయోమయంగా తోచింది. అది తేలితే గానీ తనకి మనశ్శాంతి లేదని మాత్రం తెలిసిపోయింది.

టర్ము చివర బొమ్మలన్నీ హాలు గోడలకి తగిలించారు. టీచరమ్మ ప్రత్యేకంగా పిలిచింది కాబట్టి ఆవిడ కూడా వచ్చింది, ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని. లోపలికి అడుగు పెట్టగానే కండక్టరు గతుక్కుమన్నాడు. నాలుగు గోడల మీదా తనే. పెద్ద తను, చిన్న తను, ముక్కు వంకర తను, బుగ్గలు మరీ జారిపోయిన తను. అందరూ చెంపకి చెయ్యి పెట్టుకుని, ప్రపంచం మునిగిపోయినట్టు నేల చూపులు చూస్తున్నారు. తెలియని మనిషికైతే జాలేసి, నీకు ఎవరైనా ఉన్నారా అని అడగాలనిపించేలా ఉంది. అవి గీసేటప్పుడు తను నిలువుటద్దం తలుచుకుని నవ్వాపుకుంటున్నాడంటే ఈ లోకంలో ఎవరు నమ్ముతారు?

"చూశావా, ఇంతమందిమి ఎక్కాం, ఒక్కడి దగ్గరా టికెట్ లేదు" అన్నాడు భార్యతో.

ఆవిడ నవ్వలేదు.

పెళ్ళయ్యాక ఇది మొదటిసారి. వినపడలేదేమోనని మళ్ళీ అన్నాడు. ఆవిడ అప్పటికే ముందుకి వెళ్ళిపోయింది. ఒక్కో బొమ్మ ముందూ ఆగుతోంది. టీచరమ్మ పలకరించబోయి, ఆవిడ మొహం చూసి వెనక్కి తగ్గింది. కళ్ళజోడు పిల్ల గీసిన బొమ్మ దగ్గర మాత్రం ఆవిడ చాలాసేపు నిలబడిపోయి, చివరికి దాని ఎదురుగా ఉన్న బల్ల మీద కూలబడింది. కండక్టరు పక్కన కూర్చున్నాడు.

"ఈయన్ని నేనెరుగుదును" అంది ఆవిడ.

"ఎవర్ని?"

"ఈయన్నే. బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడేవారు." ఆవిడ బొమ్మ మీంచి చూపు తియ్యలేదు. "తమ్ముడు పోయాక నాకు ఇంట్లో ఊపిరాడేది కాదు. అందరూ ఏడ్చేవాళ్ళు, నాకేమో ఏడుపొచ్చేది కాదు. ఊరికే మీ బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చేదాన్ని. అప్పుడు మాటలేవీ చెవికెక్కేవి కావు. మొహాలు మాత్రం కనబడేవి. బస్సు ఖాళీ అయ్యాక మీరు తలుపు దగ్గర నిలబడి బయటికి చూసేవారు. ఇలాగే. ఈయనకీ ఎవరో పోయారు అనుకున్నాను. ఈయనకైతే చెప్పుకోవచ్చు అనుకున్నాను. అమ్మతో చెప్పాను, చేసుకుంటే ఆయన్నే చేసుకుంటానని."

చివరి స్టాపులో క్యాంటీను ఉండేది. వేడి వేడి టీ, బన్ను. బస్సు ఖాళీ అయ్యాక కండక్టరు ఆలోచించింది దాని గురించే. ఆ మాట ఇప్పుడు ఎలా చెప్పడం?

"అయితే మోసపోయావన్నమాట" అన్నాడు.

"మొదట్లో అనుకున్నాను. పెళ్ళయిన వారానికే చెబుదామని కూర్చున్నాను. మీరేదో అన్నారు, నవ్వేశాను. తర్వాత ఇంకోసారి చెబుదామనుకున్నాను. మళ్ళీ ఏదో అన్నారు."

"మీ అమ్మగారే చెప్పారు, నిన్ను నవ్విస్తూ ఉండమని. వాడి మాట ఎత్తొద్దన్నారు. మాటిచ్చాను."

ఆవిడ చటుక్కున ఆయన వైపు తిరిగింది. "మీకూ చెప్పిందా? నాకు చెప్పింది, ఆ అబ్బాయి సరదా మనిషి, నీ ఏడుపు చూపించి విసిగించకు అని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయినావిడ మీద కోపం తెచ్చుకోవాలో, జాలిపడాలో తెలియలేదు. పిల్లలు, తల్లిదండ్రులు గుంపులుగా వచ్చి బొమ్మలు చూసి పోతున్నారు. ఒకాయన బొమ్మనీ కండక్టరునీ మార్చి మార్చి చూసి, మర్యాదగా గొంతు తగ్గించి పక్కవాళ్ళతో మాట్లాడుతూ వెళ్ళిపోయాడు.

ముప్పై ఏళ్ళు నోరు కట్టేసుకుని దాచుకున్న ప్రశ్న అప్పుడడిగాడు కండక్టరు.

"ఎలా ఉండేవాడు?"

"మీలాగే."

"మొహమా?"

"మొహం కాదు. వాడిది నవ్వు మొహమే. మాట. నోరు తెరిస్తే నవ్వించేవాడు. జ్వరంలో కూడా, డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుంటే, నన్ను పెళ్ళి చేసుకుంటారా ఏంటి అన్నాడు." ఆవిడ మళ్ళీ బొమ్మ వైపు తిరిగింది. "మీరు ఏదైనా అన్నప్పుడల్లా వాడొచ్చి పోయేవాడండీ. నవ్వొచ్చేది. వెంటనే వాడు లేడని గుర్తొచ్చేది. మీరు రోజూ కాలేజీ నుంచి మోసుకొచ్చి చెప్తుంటే, నాది అందులో ఏ రకమా అని ఎంత వెతుక్కున్నానో. సంతోషమో, దిగులో, ఇప్పటికీ నాకు తెలీదు."

"ఒక్క మాట చెప్పుంటే నేను ఆపేసేవాణ్ణి కదా!" అన్నాడు కండక్టరు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అందుకే చెప్పలేదు. మీరు ఆపేస్తే వాడు ఇంక రాడు."

ఆయనకి ఇంటినిండా తను పంచిపెట్టిన నవ్వులన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చి, ఏది మంచి చేసిందో, ఏది గుచ్చుకుందో తేల్చుకోలేక సతమతమయ్యాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. పక్కన ఆవిడ, చేసేసిన పనికి హడలిపోయిన పిల్లలా, కొంగు నలుపుతూ కూర్చుంది.

"చెప్పేశాను" అంది. "ఏమండీ, ఏదో ఒకటి అనండి."

కండక్టరు నోరు తెరిచాడు. ఇన్నేళ్ళలో అడిగిన వెంటనే పలకని రోజు లేదు. బస్సు, టికెట్లు, అద్దం, చొక్కా చేతులు, అన్నీ తడుముకున్నాడు. ఒక్కటీ దొరకలేదు.

"ఏదైనా సరేనండీ" అంది ఆవిడ మళ్ళీ, మెల్లగా. గోడ మీద బొమ్మనీ చూడటం లేదు, ఆయన మొహమూ చూడటం లేదు. కళ్ళు మూసుకుని, చెవి ఒగ్గి కూర్చుంది.